వంతెన మీద మారిన భుజాలు

కొండలను నిలబెట్టినవాడికి స్తోత్రం. నదులకు దారి చూపినవాడికి స్తోత్రం. మనుషులు గీసుకున్న గీతకు రెండు పక్కలా ఒకే మంచు కురిపించే ప్రభువుకు మహిమ కలుగును గాక. ఇందులో చెప్పబోయే మేలంతా ఆయన చేసింది. నేను టెలిఫోను పట్టుకుని నిలబడ్డాను, అంతే.

నేను పనిచేసిన ఆ సరిహద్దు సైనిక పోస్టు పేరు రాయను. రాయకూడదు. దేశానికి ఉత్తరపు అంచు. పదకొండు వేల అడుగుల ఎత్తు. కింద నది. నదికి అవతల పొరుగు దేశం. ఇంతవరకు చెప్పవచ్చు.

ఏప్రిల్‌లో చేరాను. సికింద్రాబాద్‌లో రైలెక్కినప్పుడు చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. కొండ మీద లారీ దిగేసరికి మీసం మీద ఊపిరి గడ్డకట్టింది. అక్కడి నుంచి నడక. వీపున స్లీపింగ్ బ్యాగు, భుజాన రైఫిలు, ఛాతీ మీద రెండు బ్యాటరీలు. నేను సిగ్నల్స్ హవల్దారును. తీగలు, సెట్లు, ఫోన్లు నా పని.

మా సరుకు గుర్రాల మీద వచ్చింది. తోలింది కింది ఊరి తండ్రీకొడుకులు. కొడుక్కి ముప్పై ఏళ్లుంటాయి. దారి పొడుగునా ఈల వేస్తాడు. గుర్రం మొండికేస్తే కొట్టడు. "నడువు మహారాణీ, పల్లకి పంపించమంటావా?" అని దాని చెవిలో అడుగుతాడు. తండ్రి గడ్డంలో నవ్వుకుంటాడు. పోస్టులో వాళ్లిద్దరినీ ఎరగనివాడు లేడు. మా పటాలం ఇచ్చిన నీలం స్వెటరు ఆ కొడుకు ఒంటి మీద ఎప్పుడూ ఉండేది.

నా బంకరు రాళ్లు, ఇసుక మూటలు, పైన రేకు. తోడు ఒక లైన్‌మన్. సిద్దిపేట పక్క కుర్రవాడు. మొదటి రోజే అన్నాడు. "అన్నా, గీడ టీ గిలాసల పోస్తుంటెనే సల్లారుతది. తాగుడు కాదు, నములుడే."

బంకరు కింద వంతెన. ఇనుప తాళ్ల మీద వేలాడే చెక్కల వంతెన. మధ్య పలక మీద తెల్ల గీత. రెండు చివర్లా ఇనుప గేట్లు, తాళాలు. ఒకప్పుడు అక్కడ రెండు సైన్యాల అధికారులు కలిసేవారు. పండుగలకు మిఠాయి డబ్బాలు చేతులు మారేవి. తర్వాత రెండు రాజధానుల మధ్య మాట చెడింది. కాల్పులు జరిగాయి. ఇరువైపులా మనుషులు పోయారు. మా సుబేదార్ సాబ్ పక్కనే నిలబడిన మిత్రుణ్ణి పోగొట్టుకున్నాడు. నేను చేరేనాటికి గేట్లకు తాళాలు పడి మూడేళ్లు.

ఆ మూడేళ్లలోనే కింది ఊరి మనిషి ఒకడు నదిలో పడి శవమై అవతలి ఒడ్డుకు చేరాడు. మావాళ్లు అడగలేదు. వాళ్లు ఇవ్వలేదు. అక్కడే ఎక్కడో పాతిపెట్టారు. అతని భార్య రోజూ ఒడ్డుకు వచ్చి అవతలి కొండను చూస్తుంది. సమాధి ఎటువైపు ఉందో తెలియక దువా చేయడానికి ఏ దిక్కుకు తిరగాలో తేల్చుకోలేదని గుర్రాల తండ్రి చెప్పాడు.

ఇంత పగలోనూ ఒకటి ఆగలేదు. ఫోను. ప్రతి మంగళవారం ఉదయం పది గంటలకు లైను పరీక్ష. ఒక వారం మేం మోగించాలి, ఒక వారం వాళ్లు. "లైన్ చెక్." "లైన్ ఠీక్." ఇంకొక మాట ఉండకూడదు. కాల్పులు జరిగిన మంగళవారాల్లో కూడా అది మోగిందట.

"మాట్లాడుకోనప్పుడు ఫోనెందుకు సాబ్?" అని లైన్‌మన్ హిందీలో అడిగాడు.

సుబేదార్ సాబ్ కొండప్రాంతపు మనిషి. మాట పొదుపు. "తలుపు మూసుకోవచ్చు. గడియ తుప్పు పట్టనివ్వకూడదు" అన్నాడు.

మొదటి మంగళవారం నా వంతు వచ్చింది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణి. మా ఇంట్లో ఫోనెత్తి హలో అనడం ఎరగం. మా చర్చి సంఘంలో ఎవరికి ఎవరు చేసినా మొదటి మాట ఒకటే. పది గంటలకు హ్యాండిల్ తిప్పాను. అవతల ఎత్తారు. నా నోటి నుంచి ఆ మాటే వచ్చింది.

"ప్రైజ్ ది లార్డ్."

తీగలో గాలి చప్పుడు. సుబేదార్ సాబ్ కళ్లు నా మెడ మీద.

"ఏమన్నారు?" అవతలి గొంతు ఉర్దూలో అడిగింది.

అబద్ధం ఆడలేను. నాకు వచ్చిన హైదరాబాదీ ఉర్దూలో, "దేవుడికి స్తోత్రం అన్నాను" అని చెప్పాను.

అవతలి మనిషి గొంతు సవరించుకున్నాడు. తర్వాత, "ఆయనకే స్తోత్రం. లైన్ ఠీక్."

ఫోను పెట్టగానే సుబేదార్ సాబ్ అన్నాడు. "ఇది చర్చి అనుకున్నావా?"

"లేదు సాబ్. అలవాటు."

"మానుకో. నీ దేవుడితో మాట్లాడటానికి వేరే లైను ఉంటుంది."

ఆయన బయటికి పోయాక లైన్‌మన్ నవ్వాపుకోలేక నేల మీద కూలబడ్డాడు. "కానుకల సంచి గూడ పట్టకపోతివా అన్నా? ఆడు సుత ఏస్తుండె."

మే నెలలో రేడియో వార్త. పొరుగు దేశంలో నాయకత్వం మారింది. కొత్తగా వచ్చినాయన మొదటి ప్రసంగంలోనే, మాటలు మళ్లీ మొదలుపెడదామన్నాడు. మా రాజధాని మంచిదే అంది. పెద్దలు చేతులు కలిపారని పేపర్లలో వచ్చింది. మా నదికి ఆ వార్త చేరలేదు. బ్రిగేడ్ నుంచి వచ్చిన ఉత్తర్వు ఒక్కటే: అప్రమత్తంగా ఉండండి, మొదటి అడుగు వాళ్లు వేయాలి. అవతలివాళ్లకూ అదే ఉత్తర్వు వచ్చి ఉంటుంది. ఇద్దరం ఎదుటివాడి కాలు వైపు చూస్తూ నిలబడ్డాం.

ఆ రోజుల్లోనే మాకు కొత్త కమాండింగ్ ఆఫీసర్‌గా కర్నల్ సాబ్ వచ్చారు. సన్నగా, కళ్లజోడుతో, కాలేజీ మాస్టారులా ఉంటారు. వచ్చిన రోజే నా బంకరుకు దిగి, బ్యాటరీ పెట్టె మీద కూర్చుని, మా మగ్గులోనే టీ తాగారు.

"అవతల కూడా కొత్త మేజర్ వచ్చాడట. ఏం తాగుతాడు? టీయా, కాఫీయా?"

"తెలియదు సాబ్" అన్నాను.

"మూడేళ్లుగా ఎదురెదురుగా ఉన్నారు. తెలియదా?"

"వాళ్ల రైఫిళ్లు ఎన్నో తెలుసు సాబ్" అన్నాడు సుబేదార్.

"అది నాకూ తెలుసు" అని కర్నల్ సాబ్ మగ్గు ఖాళీ చేశారు.

జూన్‌లో మంచు కరిగింది. నది ఉబ్బింది. ఒక గురువారం పొద్దున గుర్రాలు సరుకుతో పైకి వస్తున్నాయి. వాగు మీద దుంగ జారింది. గుర్రం ఈదుకుంటూ బయటపడింది. దాని పగ్గం పట్టుకున్న కొడుకు బయటపడలేదు. వాగు అతణ్ణి నదిలోకి లాక్కుపోయింది.

సెంట్రీ బైనాక్యులర్లు నాకిచ్చాడు. అవతలి ఒడ్డున గులకరాళ్ల మీద నీలం స్వెటరు. కదలిక లేదు. వాళ్ల జవాన్లు నలుగురు కిందికి దిగారు. చుట్టూ నిలబడ్డారు. ఒకడు తన కోటు విప్పి కప్పాడు.

తండ్రి పైకి వచ్చాడు. ఏడవలేదు. మా గేటు ముందు కూర్చుని తాళం వైపు చూశాడు. సుబేదార్ సాబ్ నీళ్లు ఇస్తే తీసుకోలేదు.

"ఆ ఆడమనిషిలాగా నన్నూ ఒడ్డున నిలబెట్టకండి సాబ్" అన్నాడు. "నా కొడుకును మా అమ్మ పక్కన పెట్టుకుంటాను. అంతే అడుగుతున్నాను."

సమయం తక్కువ. వాళ్ల మతంలో మృతదేహాన్ని నిలవ ఉంచరు. ఎండాకాలం. మరునాడు మధ్యాహ్నం నమాజు అయ్యాక అక్కడే పాతిపెడతారు. ఆ తర్వాత ఎన్ని చర్చలు జరిగినా ఆ తండ్రికి ఒరిగేదేమీ లేదు.

కర్నల్ సాబ్ బ్రిగేడ్‌కు మాట్లాడారు. బ్రిగేడ్ ఇంకా పైకి మాట్లాడింది. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. ఆయన దాన్ని నా బంకరులో నిలబడి చదివారు. "ఫోను చేయవచ్చు. సమాచారం ఇవ్వవచ్చు. విజ్ఞప్తి చేయరాదు."

అర్థం మాకందరికీ తెలుసు. అడిగితే మనం తగ్గినట్టు.

ఆయన నావైపు తిరిగారు. "హవల్దార్, మీ ఊళ్లో చావు జరిగిన ఇంటి కోసం ఎవరి సాయమైనా కావాలంటే సమాచారం ఇస్తారా?"

"లేదు సాబ్. అడుగుతాం."

"ఎలా?"

"చేతులు పట్టుకుని అడుగుతాం సాబ్."

"చేతులు అందవు. గొంతుతో అడుగు. 'మా మనిషి' అను. 'దయచేసి' అను."

"సాబ్, పైన తెలుస్తుంది" అన్నాడు సుబేదార్.

"తెలియనీ. 'దయచేసి' అన్నందుకు నా భుజం మీది నక్షత్రాలు ఊడిపోతే, అవి మొదటి నుంచీ సరిగ్గా కుట్టలేదనుకుంటాను."

నేను ఎందరో దైవజనుల ప్రసంగాలు విన్నాను. తగ్గించుకోవడం గురించి అంత చిన్న ప్రసంగం వినలేదు.

హ్యాండిల్ తిప్పాను. చాలాసేపు మోగింది.

"ఇవాళ మంగళవారం కాదు" అంది అవతలి గొంతు. అదే గొంతు.

"తెలుసు భాయ్. మా మనిషి మీ ఒడ్డున ఉన్నాడు. గుర్రాలు తోలుకునేవాడు, సైనికుడు కాదు. తండ్రి గేటు దగ్గర కూర్చున్నాడు. మా కర్నల్ సాబ్ అడుగుతున్నారు. దయచేసి అతణ్ణి మాకివ్వండి."

పెన్సిలు రాస్తున్న చప్పుడు వినిపించింది. "మేజర్ సాబ్‌కు చెబుతాను."

ఆ గంటలో ప్రార్థించాను. సండే స్కూల్లో చెప్పిన ఘట్టం ఒకటి గుర్తుకొచ్చింది. మోసంతో విడిపోయిన అన్నదమ్ములు ఏళ్ల తర్వాత ఎదురుపడతారు. అన్న కత్తితో వస్తాడని తమ్ముడు భయపడతాడు. అన్న పరుగెత్తుకొచ్చి మెడ మీద పడి ఏడుస్తాడు. ప్రభువా, అవతలివాణ్ణి అలా పరుగెత్తించు అని అడిగాను. లైన్‌మన్ హనుమంతుడి భక్తుడు. అతను కూడా కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. ఆ రోజు అతను వేళాకోళం ఆడలేదు.

ఫోను మోగింది.

"రాసుకోండి. మీ మనిషి మా ఊరి మసీదులో ఉన్నాడు. పెద్దలు స్నానం చేయించారు. మేం పై ఉత్తర్వు అడిగాం. రేపు జుమ్మా నమాజు దాకా ఆగుతాం." తర్వాత గొంతు తగ్గించి, "ఇది మేజర్ సాబ్ తండ్రికి చెప్పమన్నారు. ఒంటరిగా వదల్లేదు. పక్కన మనిషిని కూర్చోబెట్టాం."

నేను గేటు దగ్గరికి పోయి ఆ మాట చెప్పాను. తండ్రి మొదటిసారి నీళ్లడిగాడు.

శుక్రవారం పదకొండు గంటలకు రెండు వైపులా ఉత్తర్వులు అందాయి. రెండు గంటలకు వంతెన తెరవాలి. పద్ధతి రాసి పంపారు. ఆయుధాలు ఉండకూడదు. వాళ్లవైపు నలుగురు మోసుకొచ్చి గీత దగ్గర దించాలి. వెనక్కి పోవాలి. అప్పుడు మావాళ్లు నలుగురు వెళ్లి ఎత్తుకోవాలి. ఒకే సమయంలో ఇరుపక్షాలు గీత దగ్గర ఉండరాదు.

రెండయింది. సుబేదార్ సాబ్ తాళంచెవి పెట్టాడు. తిరగలేదు. మూడేళ్ల మంచు. వంటశాల నుంచి ఆవనూనె తెచ్చి పోశారు. తిరగలేదు. కర్నల్ సాబ్ చూస్తున్నారు. లైన్‌మన్ సుత్తి అందుకున్నాడు. మొదటి దెబ్బ వేశాడు. అదే క్షణంలో అవతలి ఒడ్డు నుంచీ ఠంగుమని చప్పుడు. వాళ్లు కూడా తమ తాళాన్ని రాయితో కొడుతున్నారు.

"ఆళ్లది గూడ గంతేనా!" అన్నాడు లైన్‌మన్.

అవతల ఎవరో నవ్వడం నీటి మీదుగా వినిపించింది. శవం కోసం వచ్చినవాళ్లం, నవ్వకూడదు. సుబేదార్ సాబ్ మూతి కూడా వంకర తిరిగింది. మా తాళం ముందు విరిగింది. వాళ్లది అయిదు నిమిషాలకు.

మావైపు మోసేవాళ్లు తండ్రి, లైన్‌మన్, ఇద్దరు సిపాయిలు. కర్నల్ సాబ్ ముందు నడిచారు. ఆయన వెనక ఫోను సెట్టుతో నేను. సుబేదార్ సాబ్ గేటు కాపలా. వాళ్లు జనాజాను, శవం ఉన్న పాడెను, భుజాల మీద తెచ్చారు. తెల్లని కొత్త గుడ్డ. దాని మీద అడవి పూలు కొన్ని. ఎవరు పెట్టారో. మేజర్ గీతకు అవతల ఆగాడు. దించమని చెయ్యి ఎత్తాడు.

"దించొద్దు" అన్నాడు తండ్రి. గట్టిగా అనలేదు. "మా కొండల్లో భుజానికెత్తిన జనాజాను దారిలో నేలకు దించం. సమాధి దగ్గరే దించుతాం. దించితే దిక్కులేనివాడని అర్థం."

అవతల మోస్తున్నవాళ్లు అలాగే నిలబడ్డారు. వాళ్లదీ ఆ కొండే. వాళ్లకూ ఆ ఆచారం తెలుసు.

మేజర్ అన్నాడు. "కాగితంలో దించమని ఉంది."

కర్నల్ సాబ్ అన్నారు. "రాసినవాళ్లు ఎప్పుడూ మోసి ఉండరు."

భుజం మార్చడం మోసినవాడికే తెలుసు. పాత భుజం తప్పుకోకముందే కొత్త భుజం కర్ర కిందికి చేరాలి. అంటే మావాళ్లు గీత దాటాలి. వాళ్ల కాళ్లు ఇవతల పడాలి. ఉత్తర్వు వద్దన్నది సరిగ్గా అదే. ఇద్దరు అధికారులు ఒకరినొకరు చూసుకున్నారు. మేజర్ చెయ్యి దించి, ఒక పక్కకు జరిగాడు. దారి ఇచ్చాడు.

తండ్రి ముందు వెళ్లాడు. కొడుకు తల ఉన్నవైపు కర్ర కింద భుజం పెట్టాడు. లైన్‌మన్ వెళ్లాడు. వెనకవైపు ఒక సిపాయికి చెక్క మీద బూటు జారింది. వంతెన ఊగింది. జనాజా ఒరగబోయింది. కర్నల్ సాబ్ ఒక్క అంగలో గీత దాటి కర్ర పట్టుకున్నారు. ఎదురు కర్రను మేజర్ పట్టుకున్నాడు. కాసేపు అక్కడ రెండు సైన్యాలు లేవు. ఒక బరువు, దాని కింద మనుషులు. నాకూ భుజం పెట్టాలని ఉంది. చేతిలో ఫోను ఉంది. అవతలి నలుగురిలో ఫోనులోని ఆ గొంతు ఎవరిదోనని వెతికాను. ఎవరూ మాట్లాడలేదు. ఇప్పటికీ తెలియదు.

సాయంత్రానికి కొడుకు తన నాయనమ్మ పక్కన పడుకున్నాడు.

తర్వాత కర్నల్ సాబ్‌ను పైవాళ్లు సంజాయిషీ అడిగారు. ఆయనేం రాసిచ్చారో నాకు తెలియదు. ఆయన మాత్రం తన టర్మ్ పూర్తయ్యేదాకా మాతోనే ఉన్నారు. మరుసటి మంగళవారం వాళ్ల వంతు. లైన్ ఠీక్ అన్నాక అవతలి గొంతు, మేజర్ సాబ్ కలవాలంటున్నారని చెప్పింది. మొదటి సమావేశం వంతెన మీద నిలబడే. రెండోదానికి బల్ల వేశారు. మేజర్ టీ తాగుతాడు, చక్కెర ఎక్కువ. మూడోసారి మేజర్ వేలెత్తి తమ కొండ మీద ఒక చోటు చూపించాడు. మసీదు వెనక నేరేడు రంగు బండ, దాని పక్కన, ముందు నదిలో పోయిన ఆ మనిషి సమాధి. కర్నల్ సాబ్ ఆ ఆడమనిషిని పోస్టుకు పిలిపించి తన బైనాక్యులర్లు ఇచ్చారు. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత అటు తిరిగి చేతులు చాచింది. నేనున్నన్నాళ్లూ ఆ నది మీద తూటా పేలలేదు.

రాజధానుల్లో పెద్దలు మంచి మాటలు మాట్లాడారు. వారికి వందనాలు. ఆ మాటలను కిందికి మోసుకొచ్చి నేలకు దించకుండా నిలబెట్టింది ఈ ఇద్దరు అధికారులు. అలాంటివారి కింద పనిచేయనిచ్చిన దేవునికి కృతజ్ఞుణ్ణి.

నా టర్మ్ ముగిసి దిగివచ్చాను. సికింద్రాబాద్ స్టేషన్‌లో నా భార్య నన్ను పైకీ కిందికీ చూసింది. "ఏమండీ, సగమయ్యారు. అక్కడ అన్నం పెట్టలేదా?" అంది. ఆటో డ్రైవరు నా సంచి ఎత్తుతూ, "మిలిటరీయా సార్? బార్డర్ల మస్తు పరేషాన్ ఉంటదంట గదా?" అన్నాడు. ఉంటదని చెప్పాను. మరుసటి ఆదివారం సంఘం ముందు నిలబడి దేవుడు చేసిన ఈ మేలును సాక్ష్యంగా చెప్పాను. ఇప్పుడు రిటైరై తిరుమలగిరిలో ఉంటున్నాను.

సాక్ష్యంలో ఒకటి చెప్పలేకపోయాను.  అది ఇక్కడ రాస్తాను.

భుజాలు మారిన తర్వాత జనాజా మా గేటు వైపు కదిలింది. వాళ్ల జవాను ఒకడు, ఇరవై ఏళ్లవాడు, కర్ర కింద నుంచి తప్పుకున్నాడు. తప్పుకున్నట్టు అతనికి తెలియలేదు. తల వంచి జనాజా పక్కనే నడుస్తూ వచ్చాడు. గీత దాటాడు. మావైపు సగం వంతెన కూడా దాటాడు. అతని కుడిచెయ్యి ఇంకా భుజం మీదే ఎత్తి ఉంది, లేని కర్రను పట్టుకుని. అవతల మేజర్ కేక వేయలేదు. ఇవతల మావాళ్లు కదల్లేదు. మా గేటు దగ్గరికి వచ్చాక అతను తలెత్తాడు. ఎదురుగా సుబేదార్ సాబ్. ఆ కుర్రవాడి మొహంలో రక్తం లేదు.

సుబేదార్ సాబ్ ముందుకు వచ్చాడు. ఎత్తి ఉన్న ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. మెల్లగా కిందికి దించాడు. అతని వంకరపోయిన టోపీ సరిచేశాడు. తర్వాత అతని వీపు మీద చెయ్యి వేసి గీత దాకా పక్కనే నడిచి, అక్కడ వదిలి వచ్చాడు.

గాలిలో అలా నిలిచిన ఆ చెయ్యి నన్ను విడిచిపోదు. మా సంఘంలో ఎవరి భూస్థాపనకు వెళ్లి పెట్టెకు భుజం పెట్టినా అది కనిపిస్తుంది.

చదివినవారు ఒక్క నిమిషం నాతో తల వంచండి. దేశాలను ఏలేవారి నోట మెత్తని మాట ఉంచమని అడుగుదాం. ఆ మాటను మంచులో మోసేవారికి బలమిమ్మని అడుగుదాం. ఆ తండ్రి కోసం, ఆ విధవరాలి కోసం, సుబేదార్ సాబ్ కోసం. మన జవాన్ల పేర్లు చెప్పేటప్పుడు, పేరు తెలియని ఆ అవతలి కుర్రవాణ్ణి కూడా కలిపి ప్రార్థించండి. ఆమేన్.